అక్కని అడగని ఐదు ప్రశ్నలు

ఆ వీధిలో అతన్ని కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచే మనిషి ఒక్కడూ లేడు. అందరికీ అతను మీటరు. ఎదురుగా ఉండే కళ్లజోళ్ల షాపాయన "ఎండ మండిపోతోందయ్యా ఇవాళ" అన్నా సరే, "కొలిచావా?" అని అడిగే రకం. కొలవకుండా ఏదీ నమ్మడు, కొలిచాక ఎవడు చెప్పినా వినడు. ల్యాప్‌టాప్ బోర్డులు బాగుచెయ్యడం అతని పని. అందులోనూ తడిసినవంటే అతని దగ్గరికే రావాలి. మిగతా రిపేరువాళ్లు చేతులెత్తేసిన బోర్డులన్నీ చివరికి ఆ ఇరుకు గదిలో, ఆ మైక్రోస్కోపు కిందే తేలతాయి.

ఇరవై రెండేళ్లు ఆ పని చేశాక అతనికి ఒక సంగతి బాగా అర్థమైంది. తడిసిన మిషను తెచ్చిన మనిషంత అబద్ధాలకోరు ఈ భూప్రపంచంలో ఉండడు. "ఏం పడింది సార్?" అంటే "అబ్బే, ఏమీ పళ్లేదండీ, ఉన్నట్టుండి ఆగిపోయింది" అంటారు. మూత విప్పితే గుప్పున కాఫీ వాసన! ఒక వకీలుగారైతే మీటల సందుల్లో పంచదార తళతళా మెరుస్తుంటే, "గాల్లో తేమండీ, ఈ మధ్య మరీ ఎక్కువైపోయింది" అని దబాయించాడు. ఎంత పెద్దమనుషులైనా ఆ కౌంటరు ముందు నిలబడితే నీళ్లు నమలాల్సిందే.

అందుకే ఐదు ప్రశ్నలు పెట్టుకున్నాడు. అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి కౌంటరు అద్దానికి అతికించాడు. ఏం పడింది? ఎప్పుడు పడింది? పడ్డాక ఆన్ చేశారా? చార్జర్ పెట్టారా? వేరేవాళ్లెవరైనా విప్పారా? ఈ ఐదింటికీ జవాబులు చీటీ మీద రాసుకోకుండా మిషను ముట్టుకోడు. మంత్రిగారు స్వయంగా తెచ్చినా అంతే, నిలబడి చెప్పాల్సిందే.

ఐదింట్లోనూ నాలుగోదే ముఖ్యం. ఎందుకంటే ఉత్త నీళ్లు బోర్డునేం చెయ్యవు. కడిగి ఆరబెడితే నూటికి తొంభై లేచి కూర్చుంటాయి. తడిగా ఉండగా కరెంటు ఇచ్చారో, అయిపోయింది. రాగి కరిగి ఒక దారి మీంచి ఇంకో దారి మీదకి పాకుతుంది. పన్నెండు వోల్టులు తన తోవన తాను పోకుండా, రెండు వోల్టులు తాగే చిప్ నోట్లోకి దూరుతుంది. చిప్ కాస్తా హరీ అంటుంది. అందుకే వచ్చినవాళ్లకల్లా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. "నీళ్లు పడితే ముందు చార్జర్ పీకండి సార్. ఏడుపులూ తిట్లూ తర్వాత."

శుక్రవారం పొద్దున షట్టరు సగం ఎత్తాడో లేదో అక్క వచ్చింది. తువ్వాల్లో చుట్టిన ల్యాప్‌టాప్ కౌంటరు మీద పెట్టి, "పోయిందిరా" అంది. బస్సు పోయింది అన్నట్టే అంది. కంట్లో తడి లేదు, గొంతులో వణుకు లేదు. బడికెళ్లే రోజు ఎలా తయారవుతుందో అలాగే తయారై వచ్చింది.

"ఏమైందక్కా?"

"నిన్న మధ్యాహ్నం పిట్ట దాని మీద నీళ్లు పోసింది. పొద్దున లేచేసరికి ఇలా."

పిట్ట అంటే అక్క కూతురు, తొమ్మిదేళ్లది. పొద్దున కళ్లు తెరిచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుందని మీటరే పెట్టాడు ఆ పేరు. సెలవులొస్తే షాపులోనే మకాం. వచ్చినవాళ్లకి "కూర్చోండి సార్, మామయ్య వస్తాడు" అని చెప్పేదీ అదే, వెళ్లినవాళ్లని అనుకరించి నవ్వించేదీ అదే. అలాంటిది ఆ రోజు అమ్మ వెనకాల గోడకి ఆనుకుని, బ్యాగు పట్టీ పంటి కింద పెట్టుకుని నిలబడింది.

"ఏమే పిట్టా, మామయ్యని పలకరించవా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"లేచినప్పట్నుంచీ అంతే. నోరు విప్పట్లేదు," అంది అక్క అటు చూడకుండానే. "చేసిన పనికి నోరు విప్పే మొహం ఎక్కడుంది లే."

అక్క వినపడని పిల్లల బళ్లో సైన్సు టీచరు. మామూలు పుస్తకాలు ఆ పిల్లలకి కొరుకుడు పడవు. ప్రతి మాటకీ చేతులతో ఒక గుర్తు ఉండాలి. ఆవిరికి ఒకటి, వేరుకి ఒకటి, అయస్కాంతానికి ఒకటి. చాలా మాటలకి గుర్తులే లేవు. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, "దీన్ని ఎలా చూపిద్దాం?" అని వాళ్ల చేతులతోనే చేయించి, వాళ్లకి నచ్చినదాన్ని ల్యాప్‌టాప్‌లోనే బొమ్మ గీసుకునేది. అలా ఆరేళ్లు గీసింది. అరవై ఒక్క పాఠాలు, నాలుగు వందల పైచిలుకు చేతుల బొమ్మలు. కొన్ని గుర్తులు కనిపెట్టిన పిల్లలు బడి వదిలేసి ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు కూడా. వచ్చే నెల ఒకటో తారీఖున ఆ పుస్తకం ప్రెస్సుకి వెళ్లాలి. మొత్తం ఆ తువ్వాల్లోనే ఉంది.

"కాపీ ఉందా?" అన్నాడు మీటరు.

"రెండేళ్ల కిందట నువ్వు తీసిచ్చావే, అదే. అందులో పదిహేను పాఠాలుంటాయి."

"నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదక్కా, నెలనెలా తీసుకోమని!"

"చెప్పావు," అంది అక్క. ఇంకేమీ అనలేదు. తిట్టినా తిట్టకపోయినా ఒకటే అన్నట్టు నిలబడింది. మామూలుగా అయితే ఒకటికి పది అనే మనిషి.

ఈ కొత్త మిషన్లతో వచ్చిన చిక్కేమిటంటే, దాచుకున్నవన్నీ ఉండే చిప్పుల్ని బోర్డుకే అతికించేస్తారు. విడిగా ఊడదీసి ఇంకోదాంట్లో పెట్టుకోవడానికి లేదు. బోర్డు లేస్తేనే పుస్తకం బయటికొస్తుంది, లేకపోతే లేదు. ఆ సంగతి మీటరుకి తెలుసు, అక్కకీ తెలుసు.

"వదిలెయ్ అక్కా, నేను చూస్తాగా," అన్నాడు.

ఐదు ప్రశ్నలు అడగలేదు. తోడబుట్టినదాన్ని కౌంటరు అవతల నిలబెట్టి చీటీ రాసుకుంటారా ఎవరైనా? ఆ మాటకొస్తే మొదటి రెండింటికీ ఆవిడే చెప్పేసిందిగా.

వాళ్లు వెళ్లాక బ్యాటరీ పీకి, బోర్డు విప్పి మైక్రోస్కోపు కింద పెట్టాడు. చార్జర్ దూర్చే చోటా, దాని పక్క చిప్ చుట్టూతా పచ్చగా, నల్లగా పొక్కులు. మొహం చిట్లించాడు. ఉత్త నీళ్లకి తెల్లటి మరకే పడుతుంది. పచ్చగా అయిందంటే తడి మీద కరెంటు పారిందన్నమాట. సరేలే, బ్యాటరీలో మిగిలిన కరెంటు అయ్యుంటుంది అనుకుని, స్పిరిట్లో ముంచి మెత్తటి బ్రష్‌తో కడిగి మళ్లీ చూశాడు. చార్జర్ కరెంటు బోర్డులోకి అడుగుపెట్టే మొట్టమొదటి రాగి ముక్క, బియ్యపు గింజలో సగం ఉంటుంది, అది లేదు. ఎవరో కొరికి తినేసినట్టు మాయమైంది. ఆ ముక్క మీదకి బ్యాటరీ కరెంటు రానేరాదు. చార్జర్ పెడితేనే వస్తుంది. ఐదు నిమిషాలో పది నిమిషాలో పెడితే ఇంతలా పోదు. గంటల తరబడి పెట్టి ఉంచితేనే పోతుంది.

"అక్కా, నీకు అసలు బుద్ధుందా!" అని ఖాళీ గదిలో పైకే అరిచాడు. "తడి మీద రాత్రంతా చార్జర్ పెడతారా ఎవరైనా? ఏ తలమాసినవాడు చెప్పాడు నీకు?"

ఒళ్లు మండిపోయింది. ఇప్పుడే కడిగి పారేస్తానని ఫోను తీశాడు. అక్క పేరు కోసం పెద్దగా వెతకక్కర్లేకపోయింది. లిస్టులో పైనే ఉంది. నిన్న సాయంత్రం ఏడూ పదికి అక్క చేసిన ఫోను. మాట్లాడింది నలభై ఒక్క సెకన్లు.

ఆ తలమాసినవాడెవడో అప్పుడు గుర్తొచ్చింది.

నిన్న ఏడూ పదికి అతని చేతిలో వేడిగాలి గన్ను ఉంది. ఎవరిదో బోర్డు మీంచి చిప్ లేపుతున్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాడు. "ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎక్కట్లేదురా, లైటు వస్తోంది, పోతోంది," అంది అక్క. "బ్యాటరీ మరీ అడుగంటిపోయి ఉంటుందక్కా. వైరు మార్చి రాత్రంతా అలాగే పెట్టి ఉంచు, అదే ఎక్కుతుంది," అన్నాడు. "అంతేనంటావా?" అంది. "అంతే అంతే," అని పెట్టేశాడు. రోజుకి పదిమంది అదే అడుగుతారు, పదిమందికీ అదే చెబుతాడు. పొడి మిషనుకి ఆ సలహాలో తప్పేం లేదు. నీళ్లేమైనా పడ్డాయా అని మాత్రం అడగలేదు. ముక్కూమొహం తెలియనివాళ్లని నిలబెట్టి ఐదేసి ప్రశ్నలు అడిగే మనిషి, సొంత అక్కని ఒక్కటీ అడగలేదు.

ఇలాంటప్పుడు గుండె జారిపోతుందంటారు, కళ్లు తిరుగుతాయంటారు. అతనికి అదేమీ కాలేదు. లోపల ఏదో ఆగిపోయింది, అంతే. కాసేపు ఫోను వైపు చూశాడు. దాన్ని బోర్లా పెట్టి మళ్లీ బ్రష్ తీసుకున్నాడు.

పుస్తకం బయటికొస్తే ఇదంతా ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వెయ్యలేదు.

శనివారం, ఆదివారం ఇంకో బోర్డు ముట్టుకోలేదు. వచ్చినవాళ్లకి మంగళవారం రమ్మని చెప్పి పంపేశాడు. ముందు చార్జర్‌కీ బోర్డుకీ మధ్య చిన్న మీటరు పెట్టి చూశాడు. ఐదు వోల్టులు. అక్కడే ఆగింది. ఈ కాలపు చార్జర్లకి మర్యాద ఎక్కువ. మొదట ఐదే ఇచ్చి గుమ్మంలో నిలబడతాయి. లోపలినుంచి ఒక చిప్ "ఇరవై ఇవ్వు" అని అడగాలి, అడిగితేనే ఇస్తాయి. ఇక్కడ అడగాల్సిన చిప్‌కి తిండే అందడం లేదు. దానికి మూడు వోల్టులు తెచ్చే దారి మధ్యలో తెగిపోయి ఉంది. తలవెంట్రుకంత తీగతో ఆ దారి కలిపాడు. మాయమైన రాగి ముక్క బదులు ఇంకో ముక్క పరిచి అతికించాడు. చార్జర్ పెట్టాడు. ఐదు కాస్తా ఇరవై అయింది.

ఇంకోరోజైతే ఆ అంకె చూసి ఎదురు షాపాయన్ని పిలిచి టీ తాగించేవాడు. ఇప్పుడు అది ఇరవై, అంతే.

తర్వాత బోర్డంతటికీ కరెంటు పంచే పెద్ద దారిలో షార్టు. ఆ దారిలోకి తన బల్ల మీది సప్లైతో ఒక్క వోల్టు పంపి, బోర్డు మీద స్పిరిట్ పూసి చూస్తూ కూర్చున్నాడు. షార్టున్న చోట వేడెక్కుతుంది, అక్కడే ముందు ఆరిపోతుంది. ఆవగింజంత కెపాసిటర్ ఒకటి ముందు ఆరింది. దాన్ని పట్టకారుతో లేపేశాడు, షార్టు పోయింది. పన్నెండు వోల్టులు నిలబడ్డాయి. చేతులు మాత్రం అద్భుతంగా పనిచేశాయి ఆ రెండు రోజులూ. ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. ఇంటికెళ్తే భార్య పెట్టింది తిన్నాడు. ఏం తిన్నావని అడిగితే చెప్పలేడు. "ఒంట్లో బాగుందా?" అని ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "బాగానే ఉంది," అన్నాడు.

సాయంత్రాలు అక్క ఫోను చేసేది.

"ఏమైనా తెలిసిందా?"

"చూస్తున్నానక్కా."

"సరే."

ఆదివారం మాత్రం అతనే ఆపాడు. "పిట్ట ఎలా ఉంది?"

"అలాగే ఉంది. అన్నం తింటుంది, హోంవర్కు రాసుకుంటుంది, పడుకుంటుంది. మాట మాత్రం లేదు. వాళ్ల నాన్న ఫోనులో బతిమాలినా లేదు." బావ ఉద్యోగం వేరే ఊళ్లో, నెలకోసారి వస్తాడు.

"నువ్వేమైనా అన్నావా దాన్ని?"

"ఒక్క మాటే అన్నాను. నా ఆరేళ్లూ ఒక్క గ్లాసులో ముంచేశావే అన్నాను. తర్వాత ఏమీ అనలేదు. అనడానికి ఓపిక కూడా లేదురా. అదేమిటో, ఏడుపైనా రావట్లేదు నాకు. బళ్లో పిల్లలు పుస్తకం ఎప్పుడని అడిగారు. వస్తుందని చేతులతో చెప్పాను."

మీటరు ఫోను పెట్టేసి మళ్లీ బోర్డు ముందు కూర్చున్నాడు. అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంకా చిప్పులు చూడలేదు కదా, అవి బాగుంటే సరిపోతుంది కదా అని మింగేశాడు.

సోమవారం పొద్దున చూశాడు. పుస్తకం దాచుకున్న చిప్పులకి కరెంటు వెళ్లే దారి మీద కొలిచే ముల్లు ఆనించాడు. షార్టు. ఆ దారికి కరెంటు ఇచ్చే చిప్‌ని ఊడదీశాడు. దాని కింద పన్నెండు వోల్టుల కాలికీ పక్క కాలికీ మధ్య పచ్చటి నాచులాంటి వంతెన. రాత్రంతా కూర్చుని కట్టుకున్న వంతెన. దాన్ని గీకి, కడిగి, మళ్లీ ముల్లు పెట్టాడు. షార్టు పోలేదు. అంటే అది చిప్పుల కడుపులోనే ఉంది. రెండున్నర వోల్టులు తాగే ప్రాణులకి పన్నెండు పట్టించారు.

ఒకసారి కొలిస్తే చాలనే మనిషి పదకొండు సార్లు కొలిచాడు. పదకొండు సార్లూ అదే అంకె. పాడైన చిప్పుల్లోంచి డేటా తీసే తెలిసినాయనకి ఫోను చేశాడు. ఆయన అంతా విని, "లోపలే కాలిపోయాక ఏముందన్నా. నాకన్నా నీకే బాగా తెలుసుగా," అన్నాడు. నిజమే, తెలుసు.

తెలియనిదల్లా అక్కకి ఏం చెప్పాలన్నదే. చాలా తేలిగ్గా ఒక మాట తయారుగా ఉంది. "నీళ్లేనక్కా. లోపలిదాకా వెళ్లిపోయాయి, ఏం చెయ్యలేకపోయాను." అంతే. అక్క నమ్ముతుంది. బోర్డు గురించి తమ్ముడి మాట ఎప్పుడు కాదంది గనక! ఎవరూ అతన్ని వేలెత్తి చూపరు. పిట్ట మాత్రం పెద్దదై, పెళ్లై, పిల్లల్ని కన్నాక కూడా, అమ్మ ఆరేళ్లు ముంచినదానిగానే ఉండిపోతుంది. ఆ తయారుగా ఉన్న మాటని నోట్లోనే రెండుసార్లు అని చూసుకున్నాడు. గాల్లో తేమండీ అన్న వకీలుగారి గొంతులాగే ఉంది.

మంగళవారం బడి వదిలాక అక్కా పిట్టా వచ్చారు. బోర్డు మళ్లీ మిషన్లో బిగించి, చార్జర్ పెట్టి కౌంటరు మీదే ఉంచాడు. బ్యాటరీ నిండుతోంది, పక్కన లైటు వెలుగుతోంది. ఆ లైటు ఆర్పెయ్యాలని తోచలేదు ఆ మహానుభావుడికి.

గుమ్మంలోంచే చూసింది అక్క. "లైటొచ్చిందిరా!" అంది. ఐదు రోజుల్లో మొదటిసారి ఆ గొంతు అక్క గొంతులా ఉంది. చెప్పులు కూడా విప్పకుండా గబగబా లోపలికొచ్చింది. "ఎక్కుతోందా? చార్జింగ్ ఎక్కుతోందా?"

"చార్జింగ్ ఎక్కుతోందక్కా," అన్నాడు మీటరు. "పుస్తకం లేదు."

అక్క లైటు వైపే చూస్తూ ఉండిపోయింది. స్టూలు జరిపాడు, కూర్చోలేదు.

"అక్కా, ఇటు చూడు. నీళ్ల వల్ల పోలేదు. పిట్ట ఒలికించిన గ్లాసుడు నీళ్లకి అది పోదు. మర్నాడు అలాగే తెచ్చుంటే గంటలో కడిగి ఇచ్చేసేవాణ్ణి. తడి మీద రాత్రంతా చార్జర్ ఉండిపోవడం వల్ల పోయింది. పెట్టమన్నది నేను." ఎవరిదో చీటీ చదివినట్టు చెప్పుకుపోయాడు. "వచ్చినవాళ్లందర్నీ నీళ్లు పడ్డాయా అని అడుగుతాను. నిన్ను అడగలేదు. అడిగుంటే ఆ పుస్తకం ఉండేది. నీ పుస్తకం నేను పోగొట్టానక్కా. శుక్రవారమే తెలిసింది నాకు. చెప్పలేదు."

తిడుతుందనుకున్నాడు. చెంప పగలగొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు.

"నీళ్లు పడ్డాయంటే తిడతావని నేనే చెప్పలేదురా," అంది అక్క నెమ్మదిగా. "తువ్వాలుతో తుడిచాను. సాయంత్రం దాకా బాగానే పనిచేసింది. ఇంకేం కాదులే అనుకున్నాను."

మీటరు కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి పిట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. "విన్నావుటే అమ్మలూ? నీ తప్పేమీ లేదు. మామయ్య తప్పు. ఇంక నీ మీద ఎవరూ ఒక్క మాట అనరు. సరేనా?"

దాని మొహం విచ్చుకుంటుందనుకున్నాడు. ఈ ఒక్కదాని కోసమే కదా నోరు విప్పాడు. పిట్ట అతని వైపు చూడనే లేదు. అమ్మ వైపు చూస్తోంది. భయంగా చూస్తోంది. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే ఎలా చూస్తారో అలా.

అక్క చెయ్యి మెల్లగా నోటి మీదకి వెళ్లింది.

"ఇది పీకేసిందిరా," అంది.

"ఏమిటి?"

"చార్జర్. ఆ రోజు పడుకోబోయే ముందు వచ్చి పీకేసింది. నీళ్లు పడితే పెట్టకూడదమ్మా, మామయ్య అందరికీ చెప్తాడు, నేను విన్నాను అని ఒకటే గోల. మీ మామయ్యే పెట్టమన్నాడే, నీకేం తెలుసు పో అన్నాను. మళ్లీ పెట్టాను. అది మళ్లీ పీకింది. వైరు పట్టుకుని వదల్లేదు." తన అరచెయ్యి చూసుకుంది. "కొట్టాను. గట్టిగానే కొట్టాను. వైరు లాక్కుని మళ్లీ నేనే పెట్టాను."

తను చెప్పకుండా ఉండాల్సిందా అని మీటరుకి ఒక్క క్షణం అనిపించింది. కూతురి మీంచి దించుదామని చూసిన బరువు నేరుగా వెళ్లి తల్లి నెత్తిన పడింది.

అక్క ఇప్పుడు కూర్చుంది. స్టూలు మీద కాదు, అక్కడే గచ్చు మీద, పిట్టకి ఎదురుగా. "మరి చెప్పలేదేమే?" అంది. "ఐదు రోజులుగా నీ వల్లే పోయిందనుకుంటుంటే, నేను పీకాను, నువ్వే పెట్టావు అని ఒక్క మాట అనలేదేమే?"

పిట్ట బ్యాగు పట్టీ నోట్లోంచి తీసింది. ఐదు రోజులు వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

"నోరు తెరిస్తే అదే వచ్చేస్తుందని."

"వస్తే ఏం?"

"నువ్వే పెట్టావని తెలిస్తే ఏడుస్తావుగా."

అక్క ఏడవలేదు. ఏడుస్తుందేమోనని పిట్ట చూస్తోంది కాబట్టి ఏడవలేదు. దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పింది. ఒక చెంప చూసింది, రెండోది చూసింది. ఐదు రోజులైంది, మరకేముంటుంది?

"ఎటువైపు కొట్టానే?"

"గుర్తులేదమ్మా," అంది పిట్ట. అంటుండగానే దాని చెయ్యి ఎడమ చెంప మీదకి వెళ్లబోయి, సగంలో ఆగి, గౌను జేబులోకి వెళ్లిపోయింది.

మీటరు చూశాడు. అక్క కూడా చూసింది.